చందమామ సీరియల్ పనితనం

నెలనెలా కథ నడపడం ఒక విద్య. 1947లో మొదలైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ఆ విద్యను ఏళ్ల తరబడి సాధన చేశారు. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' ఆయనవే. మాంత్రికులు, పాడుబడ్డ గుళ్లు, వింత మృగాలు నిండిన ఆ లోకం అచ్చంగా మన కాశీమజిలీ కథల దారిలోదే.

నెలనెలా సీరియల్‌కు ఉన్నవి కొద్ది పేజీలు. ముందు బ్రాకెట్లలో జరిగిన కథ నాలుగు ముక్కల్లో. తర్వాత పరుగే పరుగు. వర్ణనలకు చోటు లేదు, ఆ పని చిత్రకారుడు చిత్రా బొమ్మలు చూసుకునేవి. 'మాయాసరోవరం'లో జయశీలుడి పక్కన సిద్ధసాధకుడు ఉండటం మంచి ఎత్తుగడ: ఇద్దరి మాటల్లోనే కథ కదులుతుంది. ప్రతి నెలా చివరి పేరాలో ఏదో ఆపద ముంచుకొచ్చేది, అక్కడే ఆపేసేవారు. నెలంతా పిల్లలకు నిద్ర పట్టేది కాదు, పెద్దలూ దొంగచాటుగా చదివేవారు. ఇంతా చేసి, ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు.