నాదం, రొద, సంగీతకారుని చెవి: ఒక న్యాయతీర్పు పరిశీలన

వ్యాససంగ్రహం: సంగీతం కళ గనుక దాని తీవ్రతను యంత్రశాల రొదతో సమానంగా చూడరాదన్న వాదాన్ని లండన్ రాయల్ ఒపేరా హౌస్ కేసులో ఇంగ్లండు న్యాయస్థానాలు తోసిపుచ్చాయి. ఆ తీర్పు బలాన్నీ పరిమితినీ పరిశీలించి, మేళకళాకారుల విషయంలో తలెత్తే ప్రశ్నను ముందుంచడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: నాదం, శ్రవణహాని, వాద్యబృందం, మేళం, చట్టం.

1. వివాదం

2012 సెప్టెంబరులో వాగ్నర్ సంగీతరూపకం 'డీ వాల్క్యూర' సాధనలో ఒక వయోలా కళాకారుడు ఇత్తడి వాద్యాల వరుసకు సరిగ్గా ముందు కూర్చున్నాడు. అక్కడి ధ్వనికి వినికిడి దెబ్బతిని, చివరకు వృత్తినే విడిచాడు. 2018లో హైకోర్టు అతని పక్షాన తీర్పునిచ్చింది. 2019లో అప్పీలు న్యాయస్థానం ప్రధానాంశంలో దాన్ని సమర్థించింది. 2005 నాటి బ్రిటిష్ శబ్దనియంత్రణ నిబంధనలు సంగీతరంగానికి 2008 నుంచి వర్తిస్తున్నాయి. వాటి ప్రకారం రోజువారీ సగటు 85 డెసిబెల్స్‌కు చేరితే యజమాని రక్షణచర్యలు తప్పనిసరి. కర్మాగారంలో రొద పనికి తోడువచ్చే పీడ, వాద్యబృందంలో ధ్వనే పనికి ఫలం అన్నది సంస్థ వాదన. కళావిలువ పేరిట చట్టం సడలదని న్యాయస్థానం తేల్చింది.

2. చెవికి లేని భేదం

ఈ నిర్ణయానికి శరీరశాస్త్రం తోడునిలుస్తుంది. లోపలిచెవిలోని రోమకణాలకు రాగమో రొదో తెలియదు. వాటికి తెలిసేది తమను తాకే శక్తి ఒక్కటే. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ శక్తి రెట్టింపవుతుంది. నశించిన కణాలు తిరిగి మొలవవు. లోపం సాధారణంగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లో మొదలవుతుంది గనుక, మాట వినబడుతున్నంతకాలం బయటపడదు. కొందరికి ఒకే స్వరం రెండు చెవులకూ రెండు స్థాయిల్లో వినిపిస్తుంది. శ్రుతిని నమ్ముకొని బ్రతికేవారికి ఇది పనిముట్టు పోవడంతో సమానం.

3. తీర్పు బలం, పరిమితి

మామూలు చెవిబిరడాలు హెచ్చు పౌనఃపున్యాలను ఎక్కువగా అణచి నాదాన్ని మసకబారుస్తాయి. అన్ని పౌనఃపున్యాలనూ దాదాపు సమంగా తగ్గించే బిరడాలున్నా, గాలివాద్యకారునికి తన ఊపిరే తలలో మారుమోగుతుంది. కనుక బిరడా వద్దనే కళాకారుణ్ణి మొండివాడనడం అన్యాయం. సాధనంతటా బిరడా ధరింపజేయడం ఆచరణసాధ్యమన్న హైకోర్టు అభిప్రాయాన్ని అప్పీలు న్యాయస్థానం అంగీకరించలేదు. అయినా సంస్థ బాధ్యతను రద్దుచేయలేదు. కూర్చునే అమరిక, దూరం, సాధన వ్యవధి ముందు సరిచేయవలసినవి; బిరడా ఆఖరి రక్ష. తీర్పులోని అసలు బలం ఇదే. అయితే యజమాని, ఆసనపటం, ధ్వనికొలత ఉన్నచోటనే ఆ బలం పనిచేస్తుంది.

4. మేళం సంగతి

డోలు, సన్నాయి, డప్పు కళాకారులకు చాలాచోట్ల యజమాని అంటే ఆ పూటకు పిలిచినవారే. మన 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టి ఇరుగుపొరుగును కాపాడాయి. 1948 కర్మాగారాల చట్టం శబ్దజనిత వినికిడిలోపాన్ని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చింది. పెళ్లిపందిరి కర్మాగారం కాదు. ధ్వనికి అందరికన్నా చేరువనున్న వాద్యకారుడు ఈ రెండింటికీ వెలుపలే మిగిలాడు.

ముగింపు

మేళాలపై క్షేత్రపరిశోధన చేసేవారు బాణీ, గురుపరంపర, కులవృత్తి, పోషణలతోపాటు వాయించే గంటలు, వరుసలో స్థానం, వాద్యం పట్టిన వయసు, ప్రస్తుత వినికిడి కూడా నమోదుచేయాలి. ఆ నమోదు లేనంతకాలం కళాకారుని చెవుడు వార్ధక్యం ఖాతాలోనే జమవుతుంది. అది వృత్తి చేసిన గాయమని చెప్పడానికి ఆధారం మిగలదు.