సున్నం అండతో సముద్రంలోకి

కారంపూడి, పిడుగురాళ్ల ప్రాంతాల పల్నాటి నేలలో సున్నపురాయి పుష్కలం. ఆ రాయిని బట్టీలో కాల్చి నీళ్లు చల్లితే సున్నం తయారవుతుంది. సముద్రంలో డైవర్ వదిలిన గాలినే మళ్లీ పీల్చనిచ్చే రీబ్రీదర్‌కు ప్రాణం కూడా ఆ సున్నమే. రీబ్రీదర్ డబ్బాలో నింపే సోడాలైమ్ గుళికల్లో ఎక్కువ భాగం అదే.

పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వదిలే గాలిలోనూ 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. మామూలు స్కూబాలో అదంతా బుడగలై పోతుంది. రీబ్రీదర్ దాన్ని వృథా పోనివ్వదు. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేస్తుంది, సెన్సర్లు కొలిచి చెప్పగానే తరిగినంత ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది. అందుకే చిన్న సిలిండర్లతోనే గంటల తరబడి నీటిలో ఉండొచ్చు. లోతును బట్టి మిశ్రమం మారుతుంది కనుక ఒంట్లో చేరే నైట్రోజనూ తక్కువే. గాలి వెచ్చగా, తేమగా అందుతుంది, గొంతు ఎండదు. అన్నిటికన్నా గొప్ప లాభం నిశ్శబ్దం. బుడగల మోత లేకపోతే చేపలు అంతగా బెదరవు.

1878లో హెన్రీ ఫ్లూస్ రూపొందించిన ఇలాంటి పరికరంతోనే 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ బ్రిటన్‌లో నీట మునిగిన సెవర్న్ సొరంగంలోకి దిగి నీటిని ఆపే తలుపు మూశాడు.

రీబ్రీదర్ వాడేవారి అసలు పనితనం నీటిలోకి దిగకముందు ఒడ్డునే కనబడుతుంది. గుళికలు పోస్తూ, డబ్బాను తడుతూ సర్దాలి. సందు మిగిలితే కార్బన్ డయాక్సైడ్ అందులోంచే జారి ఊపిరిలోకి వస్తుంది. విశాఖ రుషికొండలో స్కూబా నేర్చుకునే కుర్రకారుకు ముందు మామూలు సిలిండర్‌తో చేయి తిరగాలి. ఆపైన ప్రత్యేక శిక్షణ పొంది, అత్యవసర సిలిండర్ వెంట ఉంచుకున్నాకే రీబ్రీదర్‌ను భుజాన వేసుకోవాలి.