ఉలికి ఎదురు చెప్పని చెట్టు

ఓక్ కలపను సన్నటి పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వసంతంలో ఏర్పడ్డ పెద్ద రంధ్రాల వరస కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లిండెన్ కలపలో అలాంటి వరసలుండవు. నీరు మోసే నాళాలు చిన్నవి, వార్షిక వలయమంతా ఇంచుమించు సమంగా పరుచుకుని ఉంటాయి. నార కణాల గోడలు పలచన. అందుకే ఉలి ఎటు తిప్పినా పెద్దగా పెచ్చులు లేవవు. పోలండ్‌లోని క్రాకోలో 1477 నుంచి 1489 దాకా ఫైట్ ష్టోస్ చెక్కిన చర్చి బలిపీఠంలో యేసు శిష్యుల చేతుల మీద ఉబ్బిన నరాలు సైతం తెలుస్తాయంటే, సగం మెప్పు ఆ కలపకే చెందాలి.

నన్నడిగితే, శిల్పి కన్నా రష్యా పల్లెల్లో ఇదే చెట్టు బెరడు వొలిచినవాడి నేర్పే ఇంకా గొప్పది. లోపలి బెరడులో గట్టి నార కట్టలు, మెత్తటి కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఆ బెరడును వారాల తరబడి నీళ్లలో నానేస్తే మెత్తనిది కుళ్లి, నార రిబ్బన్లలా విడివడుతుంది. దాంతో తాళ్లు పేనేవారు, చాపలు అల్లేవారు, మన బీరపీచులా ఒళ్లు రుద్దుకునే పీచూ చేసుకునేవారు. లేత చెట్ల నారతో మాత్రం లాప్తీ అనే చెప్పులు అల్లేవారు. పొలం పనుల్లో అవి కొద్ది రోజులకే అరిగిపోయేవి. కనుక చలికాలం సాయంత్రాల్లో కూర్చుని జతల కొద్దీ అల్లి పెట్టుకునేవారు.