చాలు అని చెప్పగలిగిన లెక్క

విరాళం ఇచ్చేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: నేనిచ్చిన రూపాయిలో బాధితుడి చేతికి చేరేది ఎంత? అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి జవాబుగా వచ్చే శాతాన్ని పట్టుకుని ఒక సంస్థ మంచిచెడ్డలు తేల్చేస్తే ఎంతగా దారి తప్పుతామో రెండు సంస్థల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి అమెరికన్ రెడ్‌క్రాస్. రెండోది డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్. 1971లో పారిస్‌లో పుట్టి, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఈ వైద్యుల సంస్థను దాని ఫ్రెంచి పేరులోని పొడి అక్షరాలతో ఎం.ఎస్.ఎఫ్. అని పిలుస్తారు.

శాతాలే కొలత అయితే గెలుపు రెడ్‌క్రాస్‌దే. డాలరులో 91 సెంట్లు సేవకే ఖర్చవుతాయని ఆ సంస్థ చాలాకాలం చెప్పుకుంది. ఎం.ఎస్.ఎఫ్. వార్షిక నివేదికల్లో ఆ వాటా 80 శాతానికి అటూ ఇటూగా కనిపిస్తుంది. మిగిలింది విరాళాల సేకరణకూ, ఆఫీసుల నిర్వహణకూ పోతుంది. ఈ రెండు అంకెలు మాత్రమే చేతికిస్తే ఎవరైనా మొదటి సంస్థకే చెక్కు రాస్తారు.

ఆ 91 ఎలా వచ్చిందో చూడాలి. రెడ్‌క్రాస్ ఖర్చులో సింహభాగం విపత్తు సాయానికి సంబంధించింది కాదు. రక్తం సేకరించి, పరీక్షించి, ఆసుపత్రులకు అమ్మే పని అది. ఆసుపత్రులు డబ్బు చెల్లిస్తాయి కాబట్టి దానికి చందాలు అడిగే ఖర్చు పెద్దగా ఉండదు. అంత పెద్ద వ్యాపారాన్ని కూడా కలిపి భాగించేసరికి చందాల కోసం పెట్టిన ఖర్చు పలచబడిపోయింది. కూడికలో తప్పేమీ లేదు. కానీ విపత్తు కోసం పది డాలర్లు ఇచ్చిన మనిషికి తన పది డాలర్ల సంగతి అది చెప్పదు. 2014 చివర్లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ పాత్రికేయులు దీన్ని నిలదీశాక ఆ వాక్యాన్ని రెడ్‌క్రాస్ వాడుకలోంచి తీసేసింది.

ఇక హైతీ. 2010 జనవరి 12న రాజధాని పోర్టో ప్రిన్స్‌కు దగ్గర్లో 7.0 తీవ్రతతో భూమి కంపించింది. అమెరికాలో ఫోన్ ఉన్నవాళ్లు 90999కి ఒక్క మెసేజ్ పంపితే చాలు, పది డాలర్లు రెడ్‌క్రాస్‌కు జమ అయ్యేవి. అలా పది పది డాలర్లుగానే 3 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి. అన్ని దారుల్లో కలిపి వచ్చింది దాదాపు 48.8 కోట్లు. ఐదేళ్ల తర్వాత, 2015 జూన్‌లో, ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ రేడియో కలిసి ఆ డబ్బు జాడ వెతికాయి. లక్షా ముప్ఫై వేల మందికి పైగా ఇళ్లు సమకూర్చామని సంస్థ అంది. కట్టిన శాశ్వత గృహాలు ఆరు. తేడా ఎక్కడొచ్చిందంటే, తాత్కాలిక అద్దె సాయం పొందినవాళ్లనూ, ఇల్లు ఎలా బాగుచేసుకోవాలో చెప్పే తరగతులకు వచ్చి కూర్చున్నవాళ్లనూ ఆ లెక్కలో కలిపేశారు. రాజధానిలోని కొండవాలు పేట క్యాంపెష్‌లో వందల ఇళ్లు కడతామని 2.4 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. ఆ పరిశోధన వెలువడే నాటికి అక్కడ ఒక్క ఇల్లూ లేవలేదు.

ఆ పథకం బడ్జెట్ కాగితం ఒకటి అప్పుడు బయటపడింది. బయటి దేశం నుంచి వచ్చే ప్రాజెక్టు మేనేజరుకు ఇల్లు, తిండి, సెలవు ప్రయాణాలు, మకాం మార్చే ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి 1,40,000 డాలర్లు. స్థానికుల్లో అందరికన్నా పై కొలువు చేసే హైతీ ఇంజనీరుకు 42,000. ఆ ఊళ్లో ఏ స్థలం ఎవరిదో, ఎవరి సంతకం ఉంటే పని కదులుతుందో తెలిసింది రెండోవాడికి. విదేశీ ఉద్యోగుల్లో చాలామందికి ఫ్రెంచీ రాదు, క్రియోలూ రాదు. కట్టలేకపోవడానికి స్థలాల పత్రాల చిక్కే కారణమని తర్వాత రెడ్‌క్రాస్ చెప్పింది. ఆ చిక్కు నిజమైనదే. కానీ దాన్ని విప్పగలిగిన మనిషిని మూడో వంతు జీతం మీద కింద కూర్చోబెట్టిన కాగితం ఆ సంస్థ చేతుల మీదుగానే తయారైంది. నాకు ఆరు ఇళ్ల కన్నా ఈ కాగితమే ఎక్కువ బాధ కలిగించింది.

డబ్బు చేతులు మారిన తీరు ఇంకో సమస్య. రెడ్‌క్రాస్ తన తొమ్మిది శాతం మినహాయించుకుని మిగిలిన సొమ్ములో పెద్ద భాగాన్ని ఇతర సంస్థలకు ఇచ్చింది. అవి తమ నిర్వహణ ఖర్చు మినహాయించుకున్నాయి. ఆ సంస్థల పనిని పర్యవేక్షించే ఖర్చును రెడ్‌క్రాస్ మళ్లీ సేవ ఖాతాలోనే రాసుకుంది. సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం వచ్చిన దాంట్లో నాలుగో వంతు, అంటే 12 కోట్ల డాలర్లకు పైగా, సంస్థ సొంత ఖర్చుల కిందే పోయింది. మరో సంగతి: 2014లో ప్రభుత్వ ఆడిటర్లు విచారణ మొదలుపెడితే, దాన్ని ఆపమని సంస్థ అధినేత్రి గెయిల్ మెక్‌గవర్న్ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాశారు. అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి గుర్తించిన సంస్థ ఆడిటర్లను వద్దనడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం.

ఎం.ఎస్.ఎఫ్. సంగతికొస్తే హైతీ భూకంపం నుంచి ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి. 2004 డిసెంబరు 26 సునామీ మన ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రపంచమంతా చందాలు కురిపిస్తోంది. సరిగ్గా అప్పుడు, వారం పది రోజులకే, సునామీ కోసం మాకు సరిపడా అందింది, ఇక ఆ పేరు మీద పంపకండి అని ఎం.ఎస్.ఎఫ్. ప్రకటించింది. వచ్చింది సుమారు 11 కోట్ల యూరోలు. వాళ్ల వైద్యసేవకు పట్టేది అందులో నాలుగో వంతు. మిగిలింది వేరే విపత్తులకు వాడుకోవచ్చా అని దాతలకు ఉత్తరాలు రాసింది. ఇష్టం లేకపోతే తిరిగిచ్చేస్తామంది. తిరిగి అడిగినవాళ్లు నూటికి ఒక్కరు. ఆ డబ్బు సూడాన్‌లోని డార్ఫుర్‌కు, 2005లో పసిపిల్లలు ఆకలితో అలమటించిన నైజర్‌కు, ఆ అక్టోబరులో భూకంపం వచ్చిన పాకిస్తాన్‌కు వెళ్లింది.

తోటి సంస్థలు కోపగించుకున్నాయి. జనంలో దయాగుణం మీద నీళ్లు చల్లారన్నారు. అప్పటికి ఆ భయం అర్థమయ్యేదే. తర్వాత పలు అంతర్జాతీయ సంస్థలు కలిసి జరిపిన మదింపు ఏం తేల్చిందంటే, సునామీ బాధితుడు ఒక్కొక్కరికి సగటున 7,100 డాలర్లకు పైగా సాయం వచ్చింది. అదే 2004లో బంగ్లాదేశ్ వరద బాధితుడికి దక్కింది 3 డాలర్లు. ఆ మూడు డాలర్ల మనిషిని తలుచుకుంటే చాలు అన్న సంస్థ చేసిన పని ఎంత న్యాయమో తెలుస్తుంది. హైతీలోనూ అంతే: తన పనికి సరిపడా వచ్చిందనుకోగానే ఎం.ఎస్.ఎఫ్. భూకంపం పేరిట అడగడం ఆపేసింది. అత్యవసర సాయానికి కావలసినంత చేతికొచ్చాక కూడా రెడ్‌క్రాస్ అడుగుతూనే ఉంది.

ఈ పోలిక సమానుల మధ్య పోలిక కాదన్న అభ్యంతరం ఉంది, అందులో నిజమూ ఉంది. విరిగిన కాలికి కట్టు కడితే సాయంత్రానికి లెక్క తేలుతుంది. ఇల్లు కట్టాలంటే పట్టా కావాలి, మునిసిపాలిటీ కావాలి, ఏళ్లు కావాలి. తేలిగ్గా లెక్క తేలే పనిని ఎం.ఎస్.ఎఫ్. ఎంచుకుంది, పునర్నిర్మాణం భారాన్ని ఇతరులకు వదిలింది. ఆ సంస్థలో కూడా స్థానిక సిబ్బందికీ విదేశీ సిబ్బందికీ మధ్య వివక్ష ఉందని 2020లో వెయ్యిమంది దాకా ఉద్యోగులు, మాజీలు బహిరంగ లేఖ రాశారు. క్యాంపెష్ కాగితంలోని అసమానత ఒక్క రెడ్‌క్రాస్‌కే పరిమితం కాదన్నమాట. అయినా నా తీర్పు మారదు. ఇళ్లు కట్టడం తన వల్ల కావడం లేదని తేలిన రోజున రెడ్‌క్రాస్ ఆ ముక్కే దాతలకు చెప్పి, ఏం చేయమంటారని అడిగి ఉండొచ్చు. దానికి ఖర్చు ఒక తపాలా బిళ్ల. దాతలు ఎలా స్పందిస్తారో ఎం.ఎస్.ఎఫ్. అనుభవం అప్పటికే చూపించింది.

శాతాల మోజు మన చట్టంలోకీ వచ్చింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో సవరించినప్పుడు నిర్వహణ వ్యయ పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు, ఒక సంస్థ మరో సంస్థకు విదేశీ నిధులు ఇవ్వడాన్ని నిషేధించారు. తొమ్మిది శాతమే నిర్వహణకని చెప్పుకున్న రెడ్‌క్రాస్ తరహా లెక్క ఆ పరిమితిలో సునాయాసంగా ఇమిడిపోతుంది. చేతులు మారడం మీద నిషేధం హైతీ లాంటి గొలుసును తెంపుతుంది, నిజమే. కానీ సొంతంగా విదేశీ విరాళాల ఖాతా తెరిచే స్తోమత లేని చిన్న సంఘాలు, అంటే ఊళ్లో స్థలం ఎవరిదో తెలిసినవాళ్లే, ఆ నిధులకు దూరమయ్యాయి. గొలుసులో ప్రతి చేయీ ఎంత మినహాయించుకుందో చెప్పమంటే సరిపోయేదానికి గొలుసే వద్దన్నారు.

ఈ చట్టం కింద ఏటా ప్రభుత్వానికి దాఖలు చేసే ఎఫ్‌సీ-4 ఫారంలో సంస్థలు ఖర్చు కాని మిగులు చూపిస్తాయి. ఏ విపత్తు పేరు మీద వచ్చిన సొమ్ములో ఎంత మిగిలింది, దాన్ని మళ్లించే ముందు దాతను అడిగారా, దాత ఏమన్నాడు అన్న మూడు సంగతులూ దానితో పాటే రాయమని నిర్బంధించాలి. అమెరికాలో వరద సాయానికి చందాలు పోగుచేసే మన తెలుగు సంఘాలు ఏ చట్టం అడగకముందే ఇది మొదలుపెట్టవచ్చు.