పది వాట్ల పాటకు ముప్ఫై వాట్ల వేడి

1969 ఏప్రిల్ ‘వైర్‌లెస్ వరల్డ్’ సంచికలో జాన్ లిన్‌స్లీ హుడ్ ఒక చిన్న ఆంప్లిఫయర్ సర్క్యూట్ ప్రచురించారు. ఛానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు పది వాట్లు. ఆ పది వాట్ల కోసం 27 వోల్టుల సప్లై నుంచి 1.2 ఆంపియర్ల కరెంటు పాట ఉన్నా లేకపోయినా పారుతూనే ఉంటుంది. అంటే ఎప్పుడూ 32 వాట్ల ఖర్చు. హీట్ సింక్ మీద చెయ్యి ఎక్కువసేపు ఆనించలేం. అంతకంటే ఎక్కువ వాట్లు ఇస్తూ చల్లగా పనిచేసే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు అప్పటికే బజారులో ఉన్నాయి. అయినా ఈ ఖర్చు దేనికి?

వాల్వుల ఆంప్లిఫయర్లకు అలవాటుపడ్డ చెవులకు ఆ కొత్త సెట్ల శబ్దం గరుకుగా తగిలేది. ట్రాన్సిస్టర్ గొంతే అంత అని చాలామంది తేల్చేశారు. లిన్‌స్లీ హుడ్ తన సర్క్యూట్‌ను 1947 నాటి పేరుపడ్డ విలియమ్సన్ వాల్వు ఆంప్లిఫయర్ పక్కన పెట్టి పోల్చారు. దాని సరసన నిలబడగలదని చూపించారు. తప్పు ట్రాన్సిస్టర్‌ది కాదనీ, దానిచేత పని చేయించుకున్న తీరుదనీ నాకు అన్నిటికంటే బాగా నేర్పింది ఈ సర్క్యూటే.

మొదటి తరం ట్రాన్సిస్టర్లు జెర్మేనియంవి. మన ఇళ్లలోని పాత రేడియోల్లో కనిపించే ఏసీ128 ఆ జాతిదే. 0.2, 0.3 వోల్టులు అందితే చాలు, తెరుచుకుంటుంది. చిన్న సంకేతానికి కూడా మెత్తగా స్పందిస్తుంది. కానీ వేడి తట్టుకోలేదు. వేడెక్కేకొద్దీ లోపల కరెంటు కారడం పెరుగుతుంది, కారేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, చివరికి మాడిపోతుంది. సిలికాన్‌కు 0.6 వోల్టులు కావాలి గాని, జెర్మేనియం చచ్చిపోయే వేడిని అది సులభంగా భరిస్తుంది. 1960ల్లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన 2ఎన్3055 అలాంటి మొండిఘటం: 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు. పెళ్లి పందిళ్లలో, ఊరేగింపుల్లో మోగిన మైకు సెట్లలో ఎన్నో ఏళ్లు బరువు మోసింది ఈ రకమే. దాని వేగం తక్కువ, నిజమే. కొమ్ము స్పీకర్ పై స్థాయి ధ్వనుల్ని ఎలాగూ పలికించలేదు కాబట్టి అక్కడ ఆ లోపం బయటపడలేదు. ఇంట్లో మంచి స్పీకర్ ముందు కూర్చున్నప్పుడే పడింది.

సిలికాన్‌లో అప్పట్లో ఎన్‌పీఎన్ రకం పెద్ద ట్రాన్సిస్టర్లు చవకగా, దృఢంగా వచ్చేవి. వాటికి సరిజోడైన పీఎన్‌పీ రకం మాత్రం దొరకడం కష్టం. అందుకని 1956లో ఆర్‌సీఏలో హెచ్.సి. లిన్ రూపొందించిన పద్ధతిని అందరూ పట్టుకున్నారు. పైనా కిందా రెండు ఎన్‌పీఎన్‌లే పెట్టి, కింది దానికి చిన్న పీఎన్‌పీని తోడిచ్చి, అదే పీఎన్‌పీ అన్నట్టు నడిపించడం ఆ పద్ధతి. తెలివైన ఉపాయం. అయితే పై భాగం తెరుచుకోవాలంటే 0.6 వోల్టులు అడిగే జంక్షన్లు రెండు దాటాలి, కింది భాగానికి ఒక్కటి చాలు. సంకేతం పై సగాన్ని ఒకటీ కింది సగాన్ని ఒకటీ మోసే క్లాస్ బి పద్ధతిలో, ఒకరి నుంచి ఒకరికి బరువు మారే చోట ఈ తేడా దొరికిపోతుంది. పల్లకీ బోయీలు భుజం మార్చుకునేటప్పుడు లోపలి మనిషికి తెలిసే కుదుపు లాంటిదది. దీన్నే క్రాస్ఓవర్ డిస్టార్షన్ అంటారు.

ఈ కుదుపు పెద్ద శబ్దంలో కలిసిపోతుంది. శబ్దం తగ్గేకొద్దీ, మిగిలిన సంగీతంలో దాని పాలు పెరుగుతుంది. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ పోయే భాగం ఉంది చూడండి, దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. పూర్తి పవర్‌లో కొలిచి ‘డిస్టార్షన్ ఇంతే’ అని కాగితం మీద వేసే అంకె ఈ సంగతి చెప్పదు.

ఔట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి తప్పును దిద్దే నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌తో, 1927లో హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టినదానితో, ఈ కుదుపును తుడిచేయవచ్చు కదా అంటారు. చాలావరకు తుడుస్తుంది. కానీ రెండు ట్రాన్సిస్టర్లూ దాదాపు మూతపడే ఆ బిందువు దగ్గరే ఆంప్లిఫయర్ బలం కూడా పడిపోతుంది. దిద్దాల్సిన చోటే దిద్దే శక్తి తక్కువన్నమాట. లిన్‌స్లీ హుడ్ అందుకే కుదుపును దిద్దే దారి వదిలేసి, అసలు కుదుపే లేకుండా చేశారు. క్లాస్ ఏ పద్ధతిలో రెండు ట్రాన్సిస్టర్లూ ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి, భుజం మార్పిడి ఉండదు. మిగిలే కాస్త డిస్టార్షన్‌లో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి పై స్థాయిలో పలికే అదే స్వరం. పైగా శబ్దం తగ్గితే అదీ తగ్గుతుంది. ఆ 32 వాట్ల ఖర్చు దీనికే.

అందరూ అంత వేడి భరించలేరు కాబట్టి ఎక్కువ సెట్లు క్లాస్ ఏబీలో ఉంటాయి. కొద్ది కరెంటు మాత్రం ఎప్పుడూ పారనిస్తారు. ఆ కొద్దిని మారకుండా నిలబెట్టడమే అసలు పనితనం. సిలికాన్ జంక్షన్ వోల్టేజి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే బయాస్ ట్రాన్సిస్టర్‌ను ఔట్‌పుట్ హీట్ సింక్‌కే బిగించాలి. బోర్డు మీద గాలికి వదిలేస్తే సెట్టు వేడెక్కాక కరెంటు అదుపు తప్పుతుంది.

1970ల చివర హిటాచీ లాటరల్ మాస్‌ఫెట్లు అనే మరో రకం ట్రాన్సిస్టర్లు, 2ఎస్‌కే134, 2ఎస్‌జే49, ఈ బాధ చాలా తగ్గించాయి. కొంత కరెంటు దాటాక, వేడెక్కేకొద్దీ తమంతట తామే తగ్గుతాయి. వాటి మెత్తని శబ్దాన్ని మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. ఆ మెప్పులో సగమైనా ఈ స్థిరత్వానికీ వేగానికీ దక్కాలని నా అభిప్రాయం. పవర్ సప్లైల కోసం చేసిన ఐఆర్ఎఫ్540 లాంటివి కూడా మాస్‌ఫెట్లే గాని, వేడి విషయంలో స్వభావం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కుదరదు.

1970లో ఫిన్లండ్‌కు చెందిన మట్టి ఓటలా ఇంకో లోపం బయటపెట్టారు. నెమ్మదైన ఆంప్లిఫయర్‌కు విపరీతమైన ఫీడ్‌బ్యాక్ పెడితే, మృదంగం దెబ్బ లాంటి చటుక్కున లేచే శబ్దానికి మొదటి దశ ఉక్కిరిబిక్కిరవుతుంది. తర్వాతి డిజైనర్లు ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్లలో చిన్న రెసిస్టర్లు పెట్టి, కరెంటు పెంచి దీన్ని దాటారు. 1978లో క్వాడ్ కంపెనీ ఏర్పాటు చేసిన పరీక్షలో తన వాల్వు ఆంప్లిఫయర్‌నూ రెండు తరాల ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లనూ ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే, శ్రోతలు నమ్మకంగా వేరు చేయలేకపోయారు. దాంతో ట్రాన్సిస్టర్ రకాల చర్చకు విలువ పోయిందని నేను అనుకోను. ప్రతి రకానికీ దాని లోపం ఉంది. దాన్ని సర్క్యూట్ పూర్తిగా తీరిస్తే, వినేవారికి రకం తెలియదు.

1990ల్లో డగ్లస్ సెల్ఫ్ డిస్టార్షన్ మూలాల్ని ఒక్కొక్కటిగా విడదీసి కొలిచినప్పుడు, వాటిలో కొన్ని అసలు ట్రాన్సిస్టర్లలో లేవనీ, తీగల్లో ఉన్నాయనీ తేలింది. క్లాస్ బి ఔట్‌పుట్‌కు వెళ్లే ప్లస్, మైనస్ సప్లై తీగల్లో సగం సగం అలలు పారుతూ ఇన్‌పుట్ వైపుకు అయస్కాంత ప్రభావంతో అంటుకుంటాయి. ఖరీదైన జపాన్ ట్రాన్సిస్టర్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగే ముందు ఆ రెండు తీగల్నీ కలిపి మెలితిప్పి, ఇన్‌పుట్‌కు దూరంగా నడిపించి చూడండి. పార్టు ఒక్కటీ మార్చకుండానే డిస్టార్షన్ తగ్గుతుంది.