స్కిల్లా చిత్రాలలో రాక్షసత్వం ఎవరిది?

గ్రీకు పురాణాలలోని సముద్ర రాక్షసులలో స్కిల్లాకు రెండు జన్మవృత్తాంతాలున్నాయి. హోమర్ ‘ఒడిస్సీ’ 12వ సర్గలో ఆమె ఆరు తలలు, పన్నెండు కాళ్ళతో గుహలో పొంచి ఉండే సహజ భీకరరూపం. ఓవిడ్ ‘మెటమార్ఫసిస్’ 13, 14 సర్గలలో ఆమె ఒకప్పటి కన్య. సముద్రదేవత గ్లాకస్ ఆమెను మోహించి, తిరస్కృతుడై, మంత్రగత్తె కిర్కేను ఆశ్రయిస్తాడు. కిర్కే అతణ్ణే కోరి, భంగపడి, స్కిల్లా స్నానమాడే నీటిలో విషం కలుపుతుంది. నడుము చుట్టూ మొలిచిన కుక్కలు తన దేహభాగాలేనని స్కిల్లా తొలుత గుర్తించలేకపోతుంది. కాబట్టి చిత్రకారుడు ఈ కథలో ఏ క్షణాన్ని ఎంచుకున్నాడో పరిశీలిస్తే, దోషాన్ని ఎవరిపై మోపాడో తెలుస్తుంది.

హెన్రీ ఫ్యూసెలీ 1794–96 నాటి చిత్రంలో హోమర్‌ను అనుసరించాడు. డాలు పైకెత్తి నిలిచిన ఒడిస్సియస్ అందులో ప్రధానం. స్కిల్లా వీరుని ధైర్యానికి కొలమానం మాత్రమే. ఆమెకు గతం లేదు.

జె. ఎం. డబ్ల్యు. టర్నర్ 1841లో చిత్రించిన ‘గ్లాకస్ అండ్ స్కిల్లా’ ఓవిడ్ కథను రూపపరివర్తనకు ముందే పట్టుకుంటుంది. నీటిలో నుండి గ్లాకస్ చేతులు చాస్తుంటాడు. స్కిల్లా ఒడ్డున పరుగెత్తుతుంటుంది. రాక్షసి ఎక్కడా కనిపించదు. భయానికి మూలం వెంటబడుతున్న కామమే. వెలుగు నిండిన ఆ తీరంలోని కొండలు, స్కిల్లా చివరకు శిలగా మారడాన్ని ఎరిగిన పాఠకునికి మరింత విషాదాన్ని స్ఫురింపజేస్తాయి.

జాన్ విలియం వాటర్‌హౌస్ 1892 నాటి ‘సర్సీ ఇన్విడియోసా’లో గ్లాకస్ లేడు. కిర్కే నిలువెత్తున నిలిచి పాత్రలోని ఆకుపచ్చని విషాన్ని నీటిలో ఒంపుతుంది. ఆమె పాదాల కింద స్కిల్లా ఒక చీకటి ఆకారం. పొడవైన, ఇరుకైన చిత్రఫలకం, నీలం-ఆకుపచ్చ వర్ణాల సాంద్రత ఆ క్రౌర్యానికి గొప్ప సౌందర్యాన్ని సమకూర్చాయి. అయితే ‘అసూయాగ్రస్త’ అన్న అర్థమిచ్చే శీర్షిక దోషాన్ని స్త్రీకే పరిమితం చేసింది. పురుషుని మోహంతో మొదలైన కథ ఇద్దరు స్త్రీల వైరంగా కుదించుకుపోయింది.

ఒకే క్షణాన్ని చూపే చిత్రంలో కథంతా ఇమడదన్న సమాధానం ఇక్కడ చాలదు. టర్నర్‌కు దక్కినదీ ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో కారణం కనిపిస్తుంది. వాటర్‌హౌస్ చిత్రంలో శిక్ష మాత్రమే కనిపిస్తుంది. వర్ణనైపుణ్యంలో వాటర్‌హౌస్ చిత్రం ఎంత ఆకర్షించినా, స్కిల్లాకు న్యాయం చేసినది ఆమెను రాక్షసిగా చూపని టర్నర్ చిత్రమే.