ముందువైపు లేని ఆట

చలిమంట దగ్గరికి అందరికంటే ముందు వచ్చినవాడు డప్పు వాయించే పెద్దాయన. డిసెంబరు నెల, అరకు దారిలోని అనంతగిరి, రాత్రి ఏడు కావస్తోంది. రిసార్టు పచ్చిక మీద ప్లాస్టిక్ కుర్చీలు మూడు వరసలు వేశారు. శాలువాలు కప్పుకుని ముడుచుకు కూర్చున్నాం. "పాపం, చలేస్తోంది కాబోలు, ఆయనకి టీ ఇప్పించండి" అంది మా ఆడపడుచు. తీరా చూస్తే ఆయన చేతులు కాచుకోవడం లేదు, డప్పు కాచుకుంటున్నాడు. మంట సెగకి అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో ఒక్క దెబ్బ వేసి విని, నచ్చక మళ్ళీ తిప్పుతూ పది నిమిషాలు అలాగే నిలబడ్డాడు. కొండ మంచుకి తోలు నీరసపడిపోతుంది. అలాంటప్పుడు కొడితే గోడ మీద చెయ్యేసినట్టుంటుంది. కాగాక కొడితే లోయ అవతల వినపడుతుంది.

ఆ పది నిమిషాల్లో కుర్చీల్లో ఉన్నవాళ్ళు సగం మంది ఫోన్లలోకి దిగిపోయారు. నా మటుకు ఆ రాత్రి కచేరీ అక్కడే మొదలైంది. తంబురా శ్రుతి చేసుకుంటుంటే గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుంటాం. డప్పు శ్రుతి చేసుకుంటే టీ ఇప్పించమంటాం.

కళల మీద ఈ కాలమ్ రాయడం మొదలెట్టి చాలా ఏళ్ళే అయింది. విశాఖ కళాభారతిలో పాట కచేరీలు, బీచ్ రోడ్డు మీద ఉత్సవాలు, బొమ్మల ప్రదర్శనలు, ఈమధ్య చీకటి గదిలో నాలుగు గోడల మీదా చిత్రాలు పరుగులు పెట్టే టికెట్టు ప్రదర్శనలు, దేనికి వెళ్ళినా నా పద్ధతొకటే. నడవ పక్క కుర్చీ, మోకాలి మీద నోటుబుక్కు, చీకట్లో గీకిన కోడిగీతలు ఇంటికొచ్చి విప్పుకోవడం. ఆ రాత్రీ నోటుబుక్కుతోనే కూర్చున్నాను.

జీపు వచ్చింది. అందులో ఎలా పట్టారో గాని పధ్నాలుగు మంది ఆడవాళ్ళు దిగారు. వెనకే తుడుము నడుముకి కట్టుకున్న మనిషి, మోరి పట్టుకున్న మనిషి. సన్నాయి తెలిసినవాళ్ళకి మోరి కొత్త కాదు, దాని కొండ చుట్టమే. కాకపోతే గొంతు కాస్త గరుకు. అందరివీ ఒకే రకం చీరలు, చిలకపచ్చకి ఎర్రంచు. భుజం మీద ముడి వేసి, పిక్కల దగ్గర ఆగిపోయేలా కట్టారు. ఈ కట్టుకి నేను ఎప్పట్నుంచో అభిమానిని. కుచ్చిళ్ళు అడ్డం రావు, పైట జారదు. నారుమడి నుంచి ఆట దాకా ఒకే కట్టు సరిపోతుంది.

"అన్నీ పాలియెస్టరే" అని నా వెనక కుర్చీలో ఒకాయన నిట్టూర్చాడు. ఆయన పొద్దున్నే అరకు గిరిజన మ్యూజియం చూసి వచ్చినట్టున్నాడు. అక్కడ గదబ తెగ ఆడవాళ్ళ కేరంగ్ బట్ట ఉంటుంది. అడవి మొక్కల నార తీసి, రంగులద్ది, తమ చేత్తో తామే నేసుకున్న గీతల బట్ట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మానవశాస్త్రవేత్త థర్‌స్టన్ దాని గురించీ, గదబ స్త్రీలు చెవుల నుంచి భుజాల దాకా వేలాడదీసుకున్న ఇత్తడి తీగల చుట్ల గురించీ రాసి పెట్టాడు. నిజంగానే కళ్ళు తిప్పుకోలేని బట్ట. అయితే నార తీసి నేసే పని ఎంతదో చేసినవాళ్ళకి తెలుసు. సంతలో చవగ్గా చీర దొరికితే ఆ పని మానేసిన ఆడమనిషిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయనా నైలాన్ జాకెట్ వేసుకునే నిట్టూర్చాడు. ఆ చిలకపచ్చ ఎవరు ఎంచారని తర్వాత అడిగితే, టీవీ సీరియల్లో కోడలు కట్టిందట, అందరూ కలిసి ఎంచుకున్నారట. ఫ్యాషన్ అంటే ఎక్కడైనా అంతేగా.

ఆట మొదలైంది. థింసా అంటే అడుగుల చప్పుడని అర్థం చెబుతారు. పక్కవాళ్ళ వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, ఆ పక్కనున్న మనిషి వేళ్ళు గట్టిగా పట్టుకుంటారు. అలా అల్లుకున్న వరస ఒక్క ఒళ్ళై పాములా కదులుతుంది. భరతుడు నాట్యశాస్త్రంలో గుంపుగా ఆడే పిండీబంధాలు చెబుతూ శృంఖలిక అనీ లతాబంధమనీ పేర్లు పెట్టాడు. చేతులు తీగల్లా అల్లుకున్న ఈ వరస చూస్తే ఆ రెండో మాట గుర్తొస్తుంది. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, పోర్జలు, కోదులు, కొటియాలు, గదబలు, ఏ తెగైనా ఈ కొండల్లో థింసా ఆడతారు. పదిహేనేళ్ళ పిల్ల పక్కన అరవయ్యేళ్ళ ముసలమ్మ నిలబడుతుంది. ఆ వరసలో బాగా ఆడేవాళ్ళకంటూ వేరే చోటు లేదు.

రకాలు చాలా ఉన్నాయి. బోడ థింసా గ్రామదేవత పేరున ఆడేది. పొతర్ తోల థింసాలో ఆకులు కోస్తున్న భావం. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. నాకు వీటన్నిట్లోకి భాగ్ థింసా ఇష్టం. భాగ్ అంటే ఒడియాలో పులి. పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో ఆడి చూపించేది. సగం మంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, మునివేళ్ళ మీద లేస్తూ, తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటారు. మిగతా సగం ఉన్నట్టుండి ఆ వలయంలోకి దూసుకొచ్చి పాము చుట్ట చుట్టుకున్నట్టు చుట్టుకుపోతారు. లోపలి చుట్ట బిగుస్తుంటే బయటి వలయం ఉబుకుతుంది. పులి ఎక్కడుందో కనపడదు. పులి వేషం ఎవరూ వెయ్యరు. మన సినిమావాళ్ళయితే చారల బట్ట తొడిగి ఒకణ్ణి దింపేసేవాళ్ళు. కొండ ఆట అనగానే నెత్తి మీద ఈకలు గుచ్చడం ఎప్పట్నుంచి నేర్చారో వాళ్ళు.

అయితే ఆ రాత్రి నేను చూసింది సగం భాగ్ థింసాయే. వలయం పూర్తిగా మూసుకోవడం లేదు. కుర్చీల వైపు వచ్చేసరికి తెరుచుకుని అర్ధచంద్రంలా నిలబడిపోతోంది. డప్పు, తుడుము, మోరి ముగ్గురినీ పక్కకి, డీజే పెట్టెల దగ్గరికి నెట్టేశారు. ఆడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ మధ్య బాగా దూరం. మోరి ఆయన బుగ్గలు పూరించి, ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో తెలీకుండా ఊదుతున్నాడు. ఆ ఊపిరికి అడుగు వెయ్యాల్సినవాళ్ళు అటు కాకుండా మా ఫోన్ల వైపు చూస్తూ వేస్తున్నారు.

మా ఆడపడుచు కూతురు న్యూజెర్సీలో పుట్టిన పిల్ల. ఎనిమిదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. "అత్తా, మా కాలేజీలో ఇలాంటి లైనొకటి చేశాం, పీనా బాష్‌ది" అంది. జర్మనీ నాట్యకర్త పీనా బాష్ 1982లో చేసిన 'నెల్కెన్'లో ఉంటుంది ఆ వరస. నాలుగు ఋతువులకి నాలుగు చేతి కదలికలు, ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ పోవడమే. ఇప్పుడు ప్రపంచమంతా ఊళ్ళకి ఊళ్ళు దాన్ని ఆడి వీడియోలు తీసుకుంటున్నాయి. ఆ ధైర్యంతోనే పిల్ల లేచి వరసలో దూరింది. రెండు నిమిషాల్లో వరస తొట్రుపడింది. తప్పు ఎక్కడో నాకు తెలిసిపోయింది. అలవాటు కొద్దీ మొహం జనం వైపు తిప్పుతోంది. చూపు పక్కకి పోతే ఒళ్ళూ పక్కకి పోతుంది, ఒళ్ళు పోతే చెయ్యి లాగేస్తుంది.

పిల్లని తప్పించుదామని లేచిన నన్నే లాక్కున్నారు. నోటుబుక్కు కుర్చీలో పడిపోయింది. ఇటు చెయ్యి ఒకరి చేతిలో, అటు చెయ్యి ఇంకొకరి చేతిలో. నేను లెక్కపెట్టడం మొదలెట్టాను, ఎడమ కాలు ముందుకి, కుడి కాలు పక్కకి అని. కుదరదే! నా పక్కనున్న పెద్దావిడ, ఆ జట్టుకి ఆవిడే పెద్ద, నవ్వి, "కాళ్ళు సూడకు అమ్మా, నన్ను అట్టుకో, నేను ఊగితే నువ్వూ ఊగుతావు" అంది. ఆవిడ నన్ను నువ్వనే అంది. చాలా ఏళ్ళ తర్వాత ఒక ప్రదర్శనలో నన్ను ఎవరూ మేడమ్ అనని చోటు అది. పట్టుకున్నాను. నడుము దగ్గర ఆవిడ ఒళ్ళు ఎటు వాలితే అటు వాలాను. ఒక నాలుగైదు చుట్లు బాగానే నడిచింది. అప్పుడు తట్టింది, ఈ ఆటలో ఉన్నవాళ్ళెవరూ దీన్ని ఫోన్లో తియ్యలేరు. ఖాళీ చెయ్యంటూ ఉంటే కదా.

ఆట అయ్యాక, డీజే మొదలయ్యే లోపు, ఆవిణ్ణి అడిగాను, వలయం ఎందుకు మూయలేదని. "మూస్తే కుర్సీలోల్లకి ఈపులే అవుపిస్తాయి. ఫోటోకి అడ్డమంట. తెరిసి ఆడమన్నారు." మీ ఊళ్ళో ఆడితే? "ఊర్లో కుర్సీలుండవు." మనిషికి ఎంత ఇస్తారని అడిగితే మాత్రం నవ్వి మాట దాటేసింది. అంతలో జీపువాడు హారన్ కొట్టాడు.

ఊర్లో కుర్చీలుండవన్న ఆ మాట అప్పట్నుంచీ నాలో నలుగుతోంది. ఆట వేదికెక్కి చెడిపోయిందని నేను అనను. కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి, ఆరుబయట, తెల్లవార్లూ ఆడినవాళ్ళే. ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. వెంపటి చినసత్యం మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టే నాటికి ఆట ఒంటి మనిషి నాట్యంగా, సభల నాట్యంగా మారే దారిలో ఉంది. ఆడపిల్లలు దాన్ని అందుకున్నారు. ఆ మార్పు లేకపోతే న్యూజెర్సీలో మా పిల్ల గజ్జె కట్టేదే కాదు. నటరాజ రామకృష్ణ రామప్ప గుడి శిల్పాలు చూసి, జాయపసేనాని గ్రంథం నృత్తరత్నావళి ముందేసుకుని పేరిణి నాట్యాన్ని వేదిక మీద నిలబెట్టారు. మంచి పనే. ఆ రెండు చోట్లా ఆటని ఎటు తిప్పాలో తేల్చుకున్నది ఆట తెలిసిన గురువులు. అనంతగిరిలో తేల్చింది కుర్చీలు వేసిన కుర్రాడు. నాకున్న పేచీ అదొక్కటే. ముఖ్యమంత్రులొచ్చినా, విదేశీ అతిథులొచ్చినా, గణతంత్ర దినం వచ్చినా థింసా జట్టుకి కబురు వెళుతుంది. కబురు పెట్టినవాళ్ళలో ఎవరైనా ముందు రోజు వెళ్ళి, మీకు నేల ఎంత కావాలి, వాయించేవాళ్ళు ఎక్కడుండాలి అని అడుగుతున్నారా? గాయకుడొస్తే మైకు ఎత్తు అడుగుతాం, నర్తకి వస్తే చెక్క నేల ఉందో లేదో చూస్తాం.

నేల అంటే గుర్తొచ్చింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ మండలంలోదే. బొర్రా పరిసర గ్రామాల్లో గనులకిచ్చిన లీజులు చెల్లవంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి కట్టబెట్టడానికి ప్రభుత్వానికి కూడా హక్కు లేదంది. దేశమంతా చదువుకున్న తీర్పు. అలాంటి చోట, ఆడే నేల కొలత అడగడం మనకి తోచకపోవడం నాకు విడ్డూరంగానే ఉంటుంది.

మొన్న ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. శృంగవరపుకోట దాటి ఘాటెక్కుతుంటే మలుపు మలుపుకీ బొంగు చికెన్ పొగ. అనంతగిరి దాటాక రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర. అటు చివర ఇద్దరు పిల్లలు, ఇటు చివర ఒక అమ్మాయి. వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేతులు అల్లుకుని సిద్ధంగా ఉన్నారు. చైత్రంలో ఇటుకుల పండగ ఇది. విత్తనాలకి పూజ చేస్తారు, మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లే ఆచారం ఉండేది. మగవాళ్ళు లేని ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. వచ్చే పోయే బండి ఆపుతారు, ఆడతారు, డబ్బులు అడుగుతారు.

ఎప్పుడో మొదటిసారి ఇలా ఆపినప్పుడు నేను అద్దం ఎక్కించుకున్నాను, అరకులో మీటింగుకి ఆలస్యమవుతోందని. ఇప్పుడు సిగ్గేస్తుంది తలుచుకుంటే. ఈసారి దిగాను. నా చుట్టూ, కారు బానెట్టు చుట్టూ వాళ్ళు వలయం కట్టారు. పూర్తిగా మూశారు. మోరి లేదు, తుడుము లేదు. ఒకామె పాట, మిగతావాళ్ళ అందెలు, అంతే. చీరలు ఏ ఒక్కదానికీ జత లేదు. ఒకామె కట్టుకున్నది డిసెంబరులో చూసిన చిలకపచ్చదే, అంచు వెలిసిపోయింది. నాకు వీపులు కనపడలేదు, ఎందుకంటే నేను లోపలున్నాను. నా వెనక ఆగిన టూరిస్టు బస్సులోవాళ్ళకి మాత్రం వీపులే కనపడి ఉంటాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

వాళ్ళ చేతిలో పెడదామని పర్సు తెరిస్తే అందులో ఐదొందల నోటొకటి, కార్డులు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఆ నోటే ఇచ్చాను. కర్ర పట్టుకున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సిల్లర లేదక్కా" అని తిరిగి ఇవ్వబోయింది. వద్దన్నాను. కర్ర ఎత్తారు.

వచ్చే చైత్రంలో ఆ ఘాట్ ఎక్కేవాళ్ళు పది రూపాయల నోట్లు ఒక కట్ట దగ్గర ఉంచుకోండి. ఇంజను ఆపి, కిందికి దిగండి.